ఎన్నో సొరంగంలో ఉన్నాం? కెర్నల్‌కీ ఇదే ప్రశ్న

మొన్న సెలవుల్లో కిరండూల్ రైలెక్కి అరకు వెళ్లాం. కొత్తవలస–కిరండూల్ లైన్‌లో 58 సొరంగాలున్నాయి. చీకటి పడినప్పుడల్లా బోగీ అంతా ఒకటే కేకలు. "ఇప్పుడు ఎన్నో సొరంగంలో ఉన్నాంరా?" అన్నాడు మావాడు.

చేతిలో కిలోమీటరు నంబరు, ప్రతి సొరంగం మొదలు, చివర ఉన్న పట్టిక ఉన్నాయనుకోండి. ఎలా వెతుకుతారు?

మనందరి నోటికీ ముందొచ్చే జవాబు "హాష్ టేబుల్!" కానీ హాష్‌కి కచ్చితమైన కీ కావాలి. "బొర్రా గుహలు" అని స్టేషన్ పేరిస్తే ఠక్కున చెప్తుంది. మనమేమో సొరంగం మొదలుకీ చివరకీ మధ్యలో ఎక్కడో ఉన్నాం. ఆ నంబరుని హాష్ చేస్తే సొరంగం మొదలున్న గడికి చేరతామన్న నమ్మకం లేదు.

పేజ్ ఫాల్ట్ వచ్చినప్పుడు లినక్స్ కెర్నల్‌దీ ఇదే తిప్పలు. ప్రాసెస్ మెమరీ కోడ్, హీప్, స్టాక్, లైబ్రరీలు అంటూ ముక్కలుగా ఉంటుంది. ఒక్కో ముక్క ఒక వీఎంఏ. అడ్రస్ ఇస్తే అది ఏ ముక్కలో ఉందో తేల్చాలి. ఎందులోనూ లేకపోతే, ల్యాబ్‌లో మనకి బాగా తెలిసిన సెగ్మెంటేషన్ ఫాల్టే!

లింక్డ్ లిస్ట్‌లో ఒక్కొక్కటీ చూసుకుంటూ పోతే 58 సార్లు చూడాల్సి రావచ్చు. వరుసలో పెట్టిన సమతుల్యమైన ట్రీలో దాదాపు 6 సార్లు చాలు. అందుకే 2001లో వచ్చిన 2.4.10 నుంచి వీఎంఏలకి రెడ్-బ్లాక్ ట్రీ వాడారు.

మరి దాన్నెందుకు మార్చారు? ఆ ట్రీలో ప్రతి మెట్టుకీ ఒక పాయింటర్. నోడ్‌లు మెమరీలో తలోచోటా ఉంటాయి. క్యాష్‌లో దొరక్కపోతే ర్యామ్ దాకా వెళ్లాలి, ప్రాసెసర్ అంతసేపూ ఖాళీగా ఎదురుచూడాలి. పైగా ఒక థ్రెడ్ వెతుకుతుంటే ఇంకో థ్రెడ్ ట్రీని తిప్పేయకుండా లాక్ కావాలి.

2022 డిసెంబరులో వచ్చిన 6.1లో దాని స్థానంలో మేపుల్ ట్రీ వచ్చింది. ఇది బీ-ట్రీ కుటుంబానిది. ఒక్క ఆకు నోడ్‌లోనే 16 ఎంట్రీల దాకా పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ట్రీ పొట్టిగా ఉంటుంది, ర్యామ్‌కి తిరుగుడు తగ్గుతుంది. ఆర్‌సీయూ పద్ధతికి సరిపోయేలా కట్టారు కాబట్టి లాక్ లేకుండా చదివే వీలూ ఉంది.

అలాగని హాష్ పనికిరాదని కాదు. ఫైల్ పేర్లు వెతికే డెంట్రీ క్యాష్‌లో ఈరోజుకీ హాష్ టేబులే. అక్కడ కీ అంటే పూర్తి పేరు, స్టేషన్ పేరులాగే.

వచ్చే వైవాలో "ఫాస్ట్ లుకప్‌కి ఏది వాడతావ్?" అని అడిగితే వెంటనే "హాష్" అనేయకండి. "దేన్నిబట్టి వెతకాలి సార్, పేరునా, కిలోమీటరునా?" అని ముందు అడగండి.