నీళ్లకూ నాడి ఉంది

"నీళ్లు అద్దం మాదిరి ఉండాయి గదా, ఇంకేం చూడల్ల?" సదుం చుట్టుపక్కల ఏ మామిడితోపులో అడిగినా వచ్చే జవాబిది. నీటి మంచిచెడ్డలు కంటికి తెలుస్తాయన్నది మనకు తాతలనాటి నుంచి వచ్చిన నమ్మకం. ఆ నమ్మకం ఎంత ఖరీదైనదో నారికురుపు చెప్పింది. దిగుడుబావి నీళ్లు చూడముచ్చటగానే ఉండేవి. కాలికి పుండున్నవాడు అందులో దిగితే పురుగు పిల్లలు నీటిలో పడేవి. వాటిని మింగిన నీటిపేనులు ఆ నీళ్లతోపాటు తాగేవారి కడుపులోకి చేరేవి. ఆంధ్రదేశంలో ఎందరినో మంచాన పడేసిన ఆ జబ్బు మన దేశంలో చివరిసారిగా 1996లో కనిపించింది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశానికి విముక్తి పత్రం ఇచ్చింది.

మా తరంవాళ్లం నడుముకు బెండు కట్టుకుని బావుల్లోనే ఈత నేర్చాము. ఇప్పుడా బావులు చాలావరకు ఎండిపోయాయి. వాటి బదులు బోరు పక్కన సిమెంటు తొట్టి వచ్చింది. పగలంతా నీళ్లు నింపుకుని చెట్లకు వదలడానికి కట్టిన ఆ తొట్టే ఎండాకాలం సెలవుల్లో పిలకాయలకు ఈతకొలను. పట్నాల్లో మిద్దెల మీద నీలిరంగు పలకలు పరిచి కట్టే కొలనుకూ, మా తొట్టికీ హంగుల్లో తేడాయే గాని నీటి శాస్త్రం ఒక్కటే. మనవలు దిగేముందు ఆ శాస్త్రం కాస్త తెలుసుకుందామని మా ఊళ్లో సైన్సు చెప్పి రిటైరైన అయ్యవారి దగ్గరకు వెళ్లాను.

"ముందు మందు మాట మరిచిపో అన్నా," అన్నాడాయన. "నాడి చూడకుండా మాత్ర ఇచ్చే వైద్యుణ్ణి నమ్ముతావా? నీళ్లకైనా అంతే."

ఎర్రచుక్క, పచ్చచుక్క

ఆయన బల్లమీద పెట్టినవి రెండు చిన్న గాజుగొట్టాలు, నాలుగు చుక్కల సీసాలు, ఒక రంగుల అట్ట. ఇంతే సామాను. నీళ్లు పట్టడంలోనే మొదటి పాఠం. పైపైన ముంచకూడదు. సీసాను బోర్లించి మోచేతి లోతుకు తీసుకుపోయి అక్కడ తిప్పి నింపాలి. బోరునీళ్లు పడే మూల పట్టకూడదు. రంగును పగటి వెలుతురులో తెల్లకాగితం ముందు చూడాలి.

మొదటి పరీక్ష పీహెచ్. నీరు పులుపువైపు ఉందా, క్షారంవైపు ఉందా అన్న లెక్క ఇది. 1909లో డెన్మార్కులో ఒక బీరు కర్మాగారపు ప్రయోగశాలలో పనిచేస్తూ సోరెన్సన్ అనే శాస్త్రజ్ఞుడు కట్టిన కొలత. 7 నడిమధ్య. ఈతనీటికి 7.2 నుంచి 7.8 దాకా మంచిది. ఫినాల్ రెడ్ చుక్కలు వేస్తే పులుపు నీరు పసుపుగాను, క్షారపు నీరు గులాబీ ఎరుపుగాను మారుతుంది.

ఇక్కడొక వింత చూశాను. బోరునుంచి అప్పుడే వచ్చిన నీటికీ, మర్నాడు తొట్టిలో నిలిచిన అదే నీటికీ పీహెచ్ ఒకటి కాదు, మర్నాటికి పెరిగింది. నేలలోపల నీటిలో కరిగిన బొగ్గుపులుసు గాలి, పైకి వచ్చాక సోడాబుడ్డి మూత తీసినట్టు మెల్లగా తప్పించుకుపోతుందట. ఆ పులుపు పోగానే క్షారం పైకి తేలుతుంది. అందుకే పరీక్ష బోరు దగ్గర కాదు, తొట్టిలోనే చెయ్యాలి.

రెండోది క్షారత. ఇది ఇంటిపెద్ద లాంటిది. తగినంత ఉంటే పీహెచ్‌ను అటూ ఇటూ ఊగనివ్వదు. మరీ ఎక్కువైతే ఎవరి మాటా విననివ్వదు. మూడోది గట్టితనం. కాగుకు లోపల తెల్లటి పెచ్చు కట్టించే సున్నమిది. తాగే నీటికి మన దేశపు ప్రమాణం లీటరుకు 200 మిల్లీగ్రాములు చాలంటుంది, వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటుంది. రాతినేల బోరునీళ్లలో ఈ రెండూ హెచ్చుగా ఉండడం మామూలే. అలాంటి నీటి పీహెచ్ పెరిగితే ఆ సున్నం విడిపోయి నీళ్లు కలకబారతాయి.

ఎక్కువ వేస్తే తక్కువైపోయే మందు

నాలుగోది క్లోరిన్. అసలు కథంతా ఇక్కడే ఉంది. 1957లో పాలిన్ అనే ఆయన ప్రకటించిన డీపీడీ పద్ధతిలో మందు వేస్తే నీరు గులాబీరంగు తిరుగుతుంది. ఎంత ముదురైతే అంత క్లోరిన్. పది లక్షల పాళ్ల నీటికి ఒకటి నుంచి మూడు పాళ్లు ఉంటే చాలు. క్లోరిన్ మరీ మితిమీరితే ఆ రంగే వెలిసిపోయి, అసలేమీ లేనట్టు కనిపిస్తుంది. అప్పుడు నమూనాలో మంచినీళ్లు కలిపి మళ్లీ చూడాలి.

పక్కతోట ఆసామి తొట్టి నీళ్లు ఒకసారి పాలనీళ్లలా మారాయి. ఆయన ఒక డబ్బా బ్లీచింగ్ పౌడర్ కుమ్మరించాడు. తేరుకోలేదు. ఇంకో డబ్బా వేశాడు. పిలకాయల కళ్లు ఎర్రబడ్డాయి గాని నీళ్లు మారలేదు. అయ్యవారు దీనికి చెప్పిన లెక్క నేను మరువలేను. క్లోరిన్‌లో క్రిములను చురుగ్గా చంపేది ఒక భాగమే. పీహెచ్ 7.5 దగ్గర అది సుమారు సగం, 8 దగ్గర పాతికవంతు, 8.5 దగ్గర పదోవంతు. బ్లీచింగ్ పౌడర్‌లో సున్నమూ ఉంది. వేసినకొద్దీ పీహెచ్ ఇంకా పైకి పోతుంది. అంటే అసలే క్షారపు నీటిలో మందు పెంచినకొద్దీ మందు బలం తగ్గుతుందన్నమాట! ముందు పీహెచ్‌ను దించాలి, ఆ తర్వాతే క్లోరిన్.

దించడానికి వాడేది ఉప్పు యాసిడ్. నీటిలో యాసిడ్ పొయ్యాలి గాని యాసిడ్‌లో నీళ్లు పొయ్యకూడదు. కొద్దికొద్దిగా పోసి, కలిపి, కొన్ని గంటలాగి మళ్లీ కొలవాలి. యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ ఎన్నడూ కలపరాదు, ఒకే చెంబు రెంటికీ వాడరాదు. రెండూ కలిస్తే లేచేది 1915లో ఈప్ర్ యుద్ధభూమిలో సైనికుల ఊపిరి తీసిన క్లోరిన్ వాయువే.

ఇక మోతాదు. మా తొట్టి పొడవు 5 మీటర్లు, వెడల్పు 4, నీటి లోతు 1.25. గుణిస్తే 25 ఘనపు మీటర్లు, అంటే 25,000 లీటర్లు. ఒక పాలు పెంచడానికి 25 గ్రాముల క్లోరిన్ కావాలి. కొత్త పౌడర్‌లో క్లోరిన్ మూడోవంతు ఉంటుంది గనుక 75 గ్రాములు సరి. మూత తీసి నెలలు గడిచిన పౌడర్‌లో అయిదోవంతే మిగిలిందనుకుంటే 125 గ్రాములు పడుతుంది. బక్కెట్టులో కలిపి, సున్నం అడుక్కు దిగాక తేటనీరు మాత్రమే పొయ్యాలి. అదీ సాయంత్రంపూటే, ఎందుకంటే ఎండ క్లోరిన్‌ను గంటల్లో హరించేస్తుంది. తెల్లవారి మళ్లీ కొలిచి, లెక్క సరిపోతేనే పిలకాయలను దింపాలి.

కళ్లు మండినా, ఘాటువాసన వచ్చినా "మందు ఎక్కువైంది" అనుకుంటాం. చాలాసార్లు నిజం వేరు. చెమటతోను, మూత్రంతోను కలిసి చెడిపోయిన క్లోరిన్ వాసన అది. దిగేముందు ఒళ్లు కడుక్కోవడం సగం వైద్యం.

ఇంత తతంగం ఎందుకంటారా? 2024లో కేరళలో కొలనుల్లో, ఏటిలో మునిగిన పిల్లలకు మెదడును తినే అమీబా సోకింది. కొందరు దక్కలేదు. వెచ్చటి మంచినీటిలో బతికే ఆ ప్రాణి తాగితే ఏమీ చెయ్యదు. ముక్కులోకి నీళ్లు పోతే మెదడుకెక్కుతుంది. అరుదైన జబ్బే, కాని వచ్చినవారిలో బతికి బయటపడేది కొద్దిమందే. సరైన పీహెచ్‌లో తగినంత క్లోరిన్ ఉన్న నీటిలో ఆ అమీబా నిలవలేదు.

వడపోత యంత్రంలేని మా తొట్టికి ఇంకో మందు కూడా ఉంది: నీళ్లు మార్చడం. వారానికోసారి రెండు పగళ్లు ఎండ తగలనిచ్చి, డీపీడీ వేసి, రంగు రాకపోతే ఆ నీటిని మామిడి పాదులకు వదులుతాము. అడుగు, గోడలు తోమి కొత్తనీళ్లు నింపుతాము. చుక్క నీరు దండగ లేదు.

తొట్టి గట్టున ఇప్పుడొక నోటుపుస్తకం వేలాడుతోంది. తేదీ, పీహెచ్, క్లోరిన్, వేసిన మందు - నాలుగు గళ్లు. రాసేది ఎనిమిదో తరగతి చదివే మా పెద్ద మనవరాలు. అంకె నచ్చకపోతే తమ్ముళ్లను గట్టుమీదే కూర్చోబెడుతుంది. ఎంత బతిమాలినా ఒప్పుకోదు.