తెల్లారేసరికి కూలబడే కారు

చిలకలూరిపేట నుంచి ఒక పత్తి వ్యాపారి ఉత్తరం రాశారు. కిందటేడు పత్తి అమ్మిన డబ్బుతో ఢిల్లీలో తిరిగిన పదేళ్లు దాటిన జర్మన్ డీజిల్ కారు కొన్నారట. మీటరు లక్షా అరవై వేల కిలోమీటర్లు చూపిస్తోంది. రాత్రి నిటారుగా నిలిపిన కారు తెల్లారేసరికి ముందు ఎడమ చక్రం మీద కూలబడుతోంది. స్టార్టు చేస్తే మళ్లీ లేస్తుంది. చల్లదనానికి గాలి ముడుచుకుందని ఒకరు, కంప్రెసర్ పోయిందని ఇంకొకరు చెప్పారట. ఆయన అనుమానం మాత్రం మీటరు వెనక్కి తిప్పారేమోనని.

మీటరు సంగతి కాసేపు పక్కన పెడదాం. ఈ కార్లకు ఇనప స్ప్రింగు ఉండదు, కొలిమితిత్తి లాంటి రబ్బరు తిత్తి ఉంటుంది. అందులో గాలి, ఆ గాలి మీద కారు. గాలి తగ్గితే సెన్సర్ పసిగడుతుంది, కంప్రెసర్ నింపుతుంది. అంతే.

చల్లదనం వాదన లెక్కకు నిలవదు. మన వేసవిలో సాయంత్రం 42 డిగ్రీలు, తెల్లవారుజామున 27 అనుకోండి. పరమ శూన్య ఉష్ణోగ్రత నుంచి కొలిస్తే 315 నుంచి 300కి దిగినట్టు. గాలి ముడుచుకునేది 5 శాతం లోపే. దానికి కారు వేలెడు మందం దిగుతుందేమో గానీ చక్రం మీద కూర్చోదు. అంటే గాలి బయటికి పోతోంది. ఎక్కడినుంచి? నూటికి తొంభైపాళ్లు తిత్తి మడత దగ్గరినుంచే అని నా పందెం. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ మడతే.

సహజ రబ్బరు అణువు పొడవాటి గొలుసు. గొలుసులోని ప్రతి కణుపులో ఒక జంట బంధం ఉంటుంది. ఓజోన్‌కి ఆ జంట బంధమంటే మహా ప్రీతి. తగిలిన చోటల్లా తెంపేస్తుంది. రబ్బరు ఊరికే పడి ఉంటే పెద్ద నష్టం లేదు. పైపొర మాత్రం పాడై, ఆ పాడైన పొరే లోపలి రబ్బరుకి కవచమవుతుంది. అదే రబ్బరు, తిత్తి మడత దగ్గరలా వంగి సాగి ఉందా, కథ మారిపోతుంది. తెగిన కొసలు చెరోవైపు లాగబడతాయి, నెర్రె నోరు తెరుస్తుంది, అడుగున తాజా రబ్బరు బయటపడుతుంది, ఓజోన్ దాన్నీ తెంపుతుంది. ఎటు సాగితే దానికి అడ్డంగా నెర్రెలు. వేసవిలో నల్లరేగడి చేలో చూస్తాం కదా, ఇంచుమించు అలాగే. దీనికి ఓజోన్ మోతాదు ఎక్కువేమీ అక్కర్లేదు. వంద కోట్ల గాలి అణువుల్లో యాభై ఉంటే చాలు.

టైరు నెర్రెలిస్తే మన పంక్చర్ షాపుల్లో ఇప్పటికీ "ఎండకి పగిలింది" అంటారు. వాళ్లనేం తప్పు పట్టగలం? ఒకప్పుడు రబ్బరు పరిశ్రమే అలా నమ్మింది. అసలు కథ లాస్ ఏంజెలస్‌లో రక్తి కట్టింది. అనాసపండు వాసన మీద పనిచేస్తున్న హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1950 ప్రాంతంలో ఆ ఊరి కంటిమంట పొగమంచు మీదికి మళ్లాడు. కార్ల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు, ఆవిరైన పెట్రోలు ఎండలో కలిసి ఓజోన్ పుట్టిస్తున్నాయన్నాడు. గాలిలో అది ఎంతుందో కొలవడానికి వంచిన రబ్బరు ముక్క ఎంతసేపట్లో నెర్రెలిస్తుందో చూశారు. ఎంత చవకైన పరికరం! చమురు కంపెనీల తరఫు నిపుణులు చాలాకాలం ఒప్పుకోలేదు. చివరికి ఆయన మాటే నెగ్గింది.

ఇక్కడే నాకు నవ్వొస్తుంది. 2015లో జాతీయ హరిత ట్రైబ్యునల్ పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీలో తిరగకూడదంది. 2018లో సుప్రీంకోర్టూ అదే మాట అంది. పొగ వదులుతోందని కారుని వెళ్లగొట్టారు. అలాంటి పొగలోంచి పుట్టిన ఓజోన్ అదే కారు తిత్తిని పదేళ్లూ కొరికింది. మన పల్నాటి ఎండ, రెంటచింతల వేడి, మడతలో ఇరుక్కున్న రేగడి మట్టి మిగతా పని పూర్తిచేస్తాయి.

తయారీదారులు ఊరుకోలేదు లెండి. రబ్బరులో 6పీపీడీ అనే రసాయనం కలుపుతారు. రబ్బరు కంటే ముందు అది ఓజోన్‌కి బలవుతుంది. టైరు పక్కగోడ గోధుమరంగుకి తిరగడానికి అదే కారణం. ఓజోన్‌తో కలిశాక అది కోహో సాల్మన్ చేపల్ని చంపుతోందని 2020లో తేలింది. అది ఇంకో వ్యాసం.

కాబట్టి రబ్బరు వయసు కిలోమీటర్లలో లేదు, ఏళ్లలోనూ సాగులోనూ ఉంది. హైవే మీద రెండు లక్షలు తిరిగిన అయిదేళ్ల కారు, ఆరుబయట పదేళ్లు నిలబడిన నలభై వేల కారు కంటే ఈ విషయంలో నయం. కొనేవాళ్లు మీటరు చూసినంత శ్రద్ధగా మడత చూడరు, అదే నా బాధ.

కంప్రెసర్‌ది పాపం సైడ్ వేషం. కాసేపు తిరిగి ఆగడానికి చేసినదాన్ని కారుతున్న తిత్తి ఆగనివ్వదు, అది కాలిపోతుంది. కొత్తది వేస్తే అదీ కాలుతుంది. ఆటోనగర్లో కొందరు తిత్తి తీసి ఇనప స్ప్రింగు వేయించుకోమంటారు. గాలి తిత్తుల మీద నడిచిన 1957 కాడిలాక్ ఎల్డొరాడో బ్రూమ్ యజమానులు చాలామంది చేసిందీ అదే. తప్పనను గానీ, అంత డబ్బు పోసింది దేనికి మరి?

అయ్యా, కారుని పూర్తిగా లేపి, చక్రం సందులో చేయి పెట్టకుండా, తిత్తి మడత మీద కుంకుడు నురగ చిమ్మండి. బుడగలొస్తే ముందు చక్రాల తిత్తులు రెండూ జంటగా మార్చండి. కంప్రెసర్ జోలికి ఆ తర్వాతే వెళ్లండి.