దూరవిద్య: విద్యార్థి నడుగవలసిన విధము

ఊరిలో బావి త్రవ్వించునప్పుడు పెద్దలము కూడుదుము. నీరెచ్చట పడునో చూతుము, ఖర్చు లెక్కింతుము, గిలక యెటువైపున పెట్టవలెనో నిర్ణయింతుము. కాని దినమునకు పది కడవలు మోయు స్త్రీని, "అమ్మా, చప్టా యెంత యెత్తున నుండిన నీకు కడవ యెత్తుకొనుట సులువగును?" అని యడిగినవార మెందరము? నీరు తియ్యగనే యుండును. నడుము నొప్పి మాత్రము మోయువారికే తెలియును. ఈ దినమున నేను మనవి చేయబోవు విషయమట్టిదే. బావికి బదులు విశ్వవిద్యాలయమువారి ఆన్‌లైను విద్యావేదిక. కడవకు బదులు విద్యార్థి చేతిలోని ఫోను.

దూరమునుండి చదువు చెప్పుట క్రొత్త సంగతి కాదు. బ్రిటనులో ఓపెన్ యూనివర్సిటీకి 1969లో రాజశాసనము లభించెను. 1971లో మొదటి విద్యార్థులు చదువారంభించిరి. వారి పాఠములు కొన్ని బి.బి.సి. రేడియోలోను, టెలివిజనులోను ప్రసారమయ్యెడివి. మన దేశమున మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదున వెలసినది. అదియే నేటి డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము. 2020లో కరోనా వ్యాధి వ్యాపించి బడులు మూతపడగా, ఫోనే తరగతిగది యైనది. పాఠము చదువుట, ఉపన్యాసము వినుట, వ్యాసము పంపుట, మార్కులు చూచుకొనుట, ఇవి యన్నియు ఒక్క తెరమీద జరుగునట్టి యేర్పాటునే విద్యావేదిక యందురు.

నేను ముప్పది యేండ్లు బడిపంతులుగా పనిచేసి విశ్రమించినవాడను. మా మనుమరాలికి పెండ్లితో చదువాగినది. తరువాత ఆమె దూరవిద్యలో బి.ఏ.కు చేరి, పగలు కుట్టుపని చేయుచు, రాత్రి బిడ్డ నిదురించిన పిమ్మట చదువుకొనుచుండెను. రెండేండ్ల క్రిందట ఆ విశ్వవిద్యాలయమునుండి యొక యువకుడు, ఒక యువతి మా యింటికి వచ్చిరి. తమ విద్యావేదికను బాగుచేయ దలచి విద్యార్థుల కష్టసుఖములు తెలిసికొనుచున్నామనిరి. నేను అరుగుమీద కూర్చుండి, "మా పిల్లకేమి లోటు? అన్నియు బాగుగనే యున్నవి" అంటిని. ఆమె తలుపుప్రక్క నిలిచి ఊరకుండెను. వారు నా మాట వ్రాసికొని, కాఫీ త్రాగి వెడలిరి.

ఆ రాత్రి ఆమె నాకు నిజము చెప్పెను. నెల క్రిందట ఒక వ్యాసము వ్రాసి, కాగితములను ఫోటో తీసి వేదికమీద పెట్టినదట. తెరమీద ఫైలు కనబడగా పని యైనదనుకొన్నది. నిజమున కది చిత్తుప్రతిగా మాత్రమే నిలిచియున్నది. తెరను క్రిందికి జరిపి 'సబ్మిట్' అను మీట నింకొకమారు నొక్కవలెనట. గడువు దాటినది, మార్కులు సున్న. "తాతయ్యా, తప్పు నాదే. నాకీ చదువు పట్టుబడదు. మానివేసితిని" అని కన్నీరు పెట్టుకొనెను. ఆమెకు చదువు రాకపోలేదు, మీట కనబడలేదు. ఆ సంగతి చెప్పుకొనుటకు వచ్చిన యొక్క యవకాశమును నేను నోరడ్డుపెట్టి పోగొట్టితిని. ఇట్టి విచారణ యెట్లు జరుగవలెనో నాటినుండి తెలిసికొనగోరి, చదివితిని; తెలిసినవారి నడిగితిని.

మొదట ప్రశ్నను నిర్ణయించుకొనవలెను. "వేదిక యెట్లున్నది?" అని యడిగిన, "బాగున్నది" అనియే జవాబు వచ్చును. "మొదటిమారు వ్యాసము పంపువారు ఎచ్చట ఆగిపోవుచున్నారు? ఏల?" అనిన నది ప్రశ్న. జవాబు దొరికిన పిమ్మట మార్పు చేయగల యధికారి యెవరో కూడ ముందే తేల్చుకొనవలెను. మార్చు నుద్దేశము లేక యడుగుట పరుల కాలమును హరించుటయే.

రెండవది, ఎవరి నడుగవలెను? సాధారణముగా చదువుచున్నవారినే యడుగుదురు; వారే చేతికందుదురు గనుక. మానివేసినవారి నెవరు వెదకుదురు? ఇచ్చట నొక వృత్తాంతము చెప్పెదను. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1943లో, అమెరికాలో ఏబ్రహాం వాల్డ్ అను గణితవేత్త యుద్ధవిమానముల నష్టమును గూర్చి లెక్కలు కట్టెను. తిరిగివచ్చిన విమానములకు తూటాదెబ్బలెచ్చట నున్నవో యచ్చటనే రేకు మందము చేయవలెనని యెవరికైనను తోచును. కాని ఆ విమానములు దెబ్బ తినియు తిరిగివచ్చినవి గదా! ఎచ్చట దెబ్బ తగిలినవి తిరిగి రాలేదో, ఆ చోటే ప్రాణాంతకము. తిరిగి రానివానిని లెక్కకు తెచ్చుటయే యాతని తెలివి. ఆ మేధావి 1950లో ఉపన్యాసములిచ్చుటకు మన దేశమునకు వచ్చి, నీలగిరులలో విమానప్రమాదమున మరణించుట విధివైపరీత్యము. చదువు మానినవారును తిరిగి రాని విమానముల వంటివారే. చేరినవారి పట్టీలో వారి పేర్లున్నవి, వెదకి పోవలెను.

మూడవది, ఎట్లు తెలిసికొనవలెను? ఏ పుటలో నెందరు వెనుదిరిగిరో కంప్యూటరే లెక్క వ్రాసికొనును. 1986లో జాన్ బ్రూక్ అను నతడు కూర్చిన పది వాక్యముల ప్రశ్నావళి యున్నది. దానితో వాడుక సులువును సున్న మొదలు నూరు వరకు అంకెలలో చూపవచ్చును. ఇవి థర్మామీటరు వంటివి. జ్వరమున్నదని చెప్పును, రోగమేదో చెప్పజాలవు. రోగము తెలియుటకు చేయి పట్టి చూడవలెను. విద్యార్థి యింటనే, అతని ఫోనుతోనే, అతనికి తీరికయగు వేళనే పోయి, "ఈ వ్యాసము పంపి చూపుము, మనస్సులో తోచినదెల్ల పైకి చెప్పుచుండుము" అని యూరక కూర్చుండవలెను. 1982లో ఐ.బి.యం. సంస్థలోని క్లేటన్ లూయిస్ కంప్యూటరు పనులకీ పద్ధతి నెట్లు వాడవలెనో వివరించెను. విద్యార్థి తడబడినప్పుడు సాయపడవలెనని చేతులు దురదపెట్టును. బడిపంతులనగు నాకది బాగుగ తెలియును. కాని సాయపడినచో నేర్చుకొనునది లేదు. వ్రేలెచ్చట తారాడెనో, అచ్చటనే వేదికకు రోగము.

ఇందుకు వేలమంది యక్కరలేదు. జేకబ్ నీల్సన్ అను పరిశోధకుడు టామస్ లాండవర్‌తో కలిసి 1993లో చేసిన లెక్క ననుసరించి 2000లో ఇట్లు వ్రాసెను: సగటున నొక్కొక్కరు చిక్కులలో నూటికి 31 బయటపెట్టుదురు, అయిదుగురు కలిసి సుమారు 85 బయటపెట్టుదురు. అయిదుగురిని చూచి, పెద్ద చిక్కులను దిద్ది, మరల నయిదుగురిని చూచుట మేలు. అయితే అయిదుగురును ఒక్క తీరువారైన నది చాలదు. నగరములో కంప్యూటరు గలవారు వేరు. పల్లెలో సిగ్నలు కొరకు మిద్దె యెక్కువారు వేరు. చూపు తక్కువైనవారు వేరు. ఒక్కొక్క తెగలోను కొందరి నెన్నుకొనవలెను.

నాలుగవది భయము తీర్చుట. మార్కులు వేయు గురువే వచ్చి యడిగిన నిజము చెప్పువారుండరు. కావున వేరొకరు రావలెను, "పరీక్ష నీకు కాదు, మా వేదికకు" అని మొదటనే చెప్పవలెను, ఇష్టము లేనిచో మానవచ్చునని తెలుపవలెను, పేరు బయటపెట్టరాదు. సొంత వివరములను కాపాడుటకు మన దేశమున 2023లో చట్టమును చేసిరి.

ఇక మన వంతు. అట్టివారు మీ యింటికి వచ్చినచో కుర్చీ వేయుడు, మంచినీళ్లిండు, పిదప లేచిపొండు. మన పిల్ల కష్టము చెప్పుకొనినంతమాత్రమున ఇంటి మర్యాదకు లోపము రాదు. పెద్దలము ప్రక్కన కూర్చుండిన, పిల్లలు మనకు నచ్చు జవాబే చెప్పుదురు. ఆ జవాబుతో నెవరికిని మేలు కలుగదు.

గత సంవత్సరమా యువతి మరల వచ్చెను. ఈమారు మానివేసినవారినే వెదకుచు వచ్చినదట. నేను చేతికఱ్ఱ తీసికొని పొలమువైపు పోయితిని. తిరిగివచ్చునప్పటికి ప్రొద్దు వాలినది. లోపల మా మనుమరాలు ఫోను చూపుచు, ఇంకను మాటాడుచునే యుండెను. అంతసేపు ఆమె మాటాడగా నేనంతకుముందెన్నడును విని యెరుగను. ఈ యేడు ఆమె మరల ఫీజు కట్టినది.