స్నేహితులతో ఓడ ప్రయాణం



అంచెట్టి, నాట్రాంపాళయం చుట్టుపక్కల పుట్టి పెరిగిన మనకు నీటి ప్రయాణం అంటే హొగెనకల్లో ఎక్కే పుట్టి ప్రయాణమే. వెదురు బద్దలతో అల్లిన గుండ్రటి పుట్టిలో నలుగురు చుట్టూ సర్దుకుని కూర్చుంటే, తెడ్డు వేసేవాడు ఒక తిప్పు తిప్పి రాతి గోడల మధ్యకు తీసుకుపోతాడు. అరగంటో గంటో, అంతే. కానీ ఈ మధ్య హోసూరు ఫ్యాక్టరీల్లో పనిచేసే మన పిల్లలు చీటీ డబ్బు చేతికి రాగానే, "ఈసారి అందరం కలిసి ఓడలో పోయి వద్దామా?" అని అడుగుతున్నారు. అలా అడిగేవాళ్ల కోసమే ఈ ప్రసంగం.

ముందుగా ఒక సంగతి. మనకు దగ్గరి పెద్ద రేవు చెన్నై. అక్కడి నుంచి రెండు రకాల ఓడలు బయలుదేరుతాయి. మొదటిది అండమాన్ ఓడ. అది ద్వీపాల ప్రజల రాకపోకల కోసం ప్రభుత్వం నడిపేది. ఇదివరకు పోర్ట్ బ్లెయిర్ అనేవాళ్లం, 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. చెన్నై నుంచి సుమారు 1,200 కిలోమీటర్లు, రెండున్నర మూడు రోజుల ప్రయాణం. బంకు అనే తక్కువ టికెట్టులో పెద్ద హాలులో వరుసగా పడకలు ఉంటాయి. కొంచెం ఎక్కువ పెడితే కొద్దిమందికి కలిపి ఒక క్యాబిన్ దొరుకుతుంది. ఓడ రోజూ ఉండదు, నెలకు కొద్ది ట్రిప్పులే. భారతీయులకు పాస్‌పోర్టు అక్కరలేదు, గుర్తింపు కార్డు చాలు.

రెండవది విహార నౌక, క్రూజ్ అంటారు. 2022 జూన్‌లో ఎంప్రెస్ అనే నౌక చెన్నై నుంచి విశాఖపట్నానికి, పుదుచ్చేరికి బయలుదేరింది. ఫ్రాన్సులో కట్టిన ఈ నౌక 1990లో ప్రయాణాలు మొదలుపెట్టింది. అమెరికా నుంచి బహామా దీవులకు మూడు నాలుగు రాత్రుల ట్రిప్పులు వేయడానికే దాన్ని తయారు చేశారు. దాదాపు 210 మీటర్ల పొడవు, దాదాపు 800 గదులు. మన ఊరి జనమంతా ఎక్కినా ఇంకా చోటు మిగులుతుందేమో! విశాఖలో ఇలాంటి నౌకల కోసమే 2023లో ప్రత్యేకంగా ఒక టెర్మినల్ తెరిచారు. అయితే ఆ 2022 ట్రిప్పులో పుదుచ్చేరి ప్రభుత్వం నౌకను అక్కడ ఆపడానికి ఒప్పుకోలేదు. ఫలానా ఊరు చూపిస్తామని ప్రకటనలో ఉన్నా, చూపించలేకపోతే ఏమవుతుందో టికెట్టు షరతుల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. డబ్బు కట్టే ముందే చదవండి.

ఇక డబ్బు సంగతి. స్నేహాలు చెడేది ఇక్కడే. క్రూజ్ ప్రకటనలో కనిపించే ధర సాధారణంగా ఒక గదిలో ఇద్దరుంటే ఒక్కొక్కరికి పడే ధర. అందుకే ఐదుగురు బయలుదేరి రెండేసి మంది ఒక గది అనుకుంటే, ఐదోవాడు ఒంటరిగా ఉండి ఇంచుమించు ఇద్దరి డబ్బు కట్టుకోవాలి. ఆ ఐదోవాడెవరు? మొహమాటానికి ఎవరో ఒకరు ఒప్పుకుంటారు, ఆ తరువాత ఏడాది పొడవునా అది గుర్తుంటుంది. నలుగురో ఆరుగురో వెళ్లండి, లేదా ముగ్గురికి కలిపి ఒక గది అడగండి. మూడోవారికి ధర తగ్గుతుంది. పన్నులు, రేవు రుసుములు, కూల్‌డ్రింకులు, ఊళ్లు చూపించే బస్సులు చాలాసార్లు వేరే లెక్క. ఇవన్నీ కలిపి ఒక కాగితం మీద రాసి, జట్టులో అందరికంటే తక్కువ జీతమున్నవాడి చేతికి ముందు ఇవ్వండి. అతను సరే అంటేనే అడ్వాన్సు కట్టండి.

నా మాట అడిగితే, మొదటిసారి వెళ్లేవాళ్లకు అండమాన్ ఓడ క్యాబినే మేలంటాను. అందులో ఆటపాటలు ఉండవు, భోజనం కూడా మామూలే. కానీ రాత్రి డెక్కు మీద నలుగురు కూర్చుని చీకటి సముద్రాన్ని చూస్తుంటే, పదేళ్లుగా చెప్పుకోని మాటలు కూడా బయటికి వస్తాయి.

ఏ నెలలో వెళ్లాలి? బంగాళాఖాతంలో తుఫానులు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, మళ్లీ ఏప్రిల్, మే నెలల్లో వస్తాయి. విశాఖను దెబ్బతీసిన హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, చెన్నైని కొట్టిన వార్దా 2016 డిసెంబరు 12న తీరం దాటాయి. జనవరి నుంచి మార్చి దాకా సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది. కావేరిలో నీరు పెరిగితే పుట్టిలు ఆపేస్తారు కదా, అలాగే ఇక్కడా ఓడ ఆలస్యం కావచ్చు, ఆగిపోనూ వచ్చు. సెలవు రెండు రోజులు ఎక్కువ పెట్టుకోండి.

అందరూ భయపడేది వాంతులకు. మన చెవి లోపల ఒక రకం నీరుంటుంది, శరీరం కదిలితే అది మెదడుకు తెలియజేస్తుంది. క్యాబిన్లో కూర్చుంటే కంటికి గోడలు కదలనట్టే కనిపిస్తాయి, చెవి మాత్రం ఊగుతున్నామంటుంది. ఈ రెంటికీ పొత్తు కుదరక తల తిరుగుతుంది. దీనికి ఉపాయం డెక్కు మీదికి వచ్చి, దూరాన నీరు, ఆకాశం కలిసే గీతను చూడటం. గది ఎంచుకునేటప్పుడు ఓడ నడిమి భాగంలో, కింది అంతస్తులో అడగండి. ఉయ్యాల బల్ల చివర కూర్చున్నవాడికి ఊపు ఎక్కువ, నడుమ కూర్చున్నవాడికి తక్కువ. ఇదీ అంతే. ఖాళీ కడుపు వద్దు, నూనె పదార్థాలూ వద్దు. మాత్ర వాంతి మొదలయ్యాక కాదు, ముందే వేసుకోవాలి. ఏ మాత్ర అన్నది మీ డాక్టరునే అడగండి. గుండె జబ్బున్నవాళ్లు జట్టులో ఉంటే ఆ సంగతి దాచకండి. ఓడలో డాక్టరు ఉంటారు గాని నడిసముద్రంలో పెద్దాసుపత్రి ఉండదు.

ఓడ ఎక్కగానే లైఫ్ జాకెట్టు ఎలా కట్టుకోవాలో, ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో చూపిస్తారు. "తరువాత చూద్దాంలే" అనకండి. 2012 జనవరి 13న ఇటలీ దగ్గర కోస్టా కాంకోర్డియా అనే నౌక రాతికి తగిలి ఒరిగిపోయింది. 32 మంది చనిపోయారు. ఆనాడే ఎక్కిన వందల మందికి ఇంకా ఆ డ్రిల్లు జరగలేదు. ఆ తరువాత నిబంధన మార్చారు. ఇప్పుడు బయలుదేరే ముందో, బయలుదేరిన వెంటనేనో డ్రిల్లు జరగాలి.

తీరం దాటాక సెల్‌ఫోన్‌కు సిగ్నల్ ఉండదు. కొన్ని నౌకల్లో ఉపగ్రహం ద్వారా వచ్చే నెట్‌వర్కు దానంతటదే పట్టుకుని, తెలియకుండానే పెద్ద బిల్లు వేస్తుంది. ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. ఇన్ని రోజులు ఫోను రాదని ఇంట్లో ముందే చెప్పండి, లేకపోతే అమ్మ అన్నం మానేసి కూర్చుంటుంది.

చెన్నైకి ఒక రోజు ముందే చేరండి. చేయి ఊపితే మన అంచెట్టి బస్సు ఆగుతుంది గాని ఓడ ఆగదు. తిరిగి వచ్చాక కూడా ఒకటి రెండు రోజులు నేల ఊగినట్టే ఉంటుంది. అందుచేత హోసూరులో మోటారు సైకిలు ఉంచి వెళ్లినవాళ్లు ఆ రోజు దాన్ని అక్కడే వదిలి, దెంకణికోట మీదుగా బస్సులోనే ఇంటికి రండి. అంచెట్టి దగ్గరి అడవి మలుపుల్లో తల తిరిగితే పట్టుకోవడానికి డెక్కు కమ్మీ ఉండదు.