బట్టలు లేని ఊళ్ళో నేల ఎవరిది?

ఫ్లోరిడాలో బట్టలు లేకుండా బతికే కాలనీల గురించి టీవీలోనో యూట్యూబ్‌లోనో ఏదైనా వచ్చినప్పుడల్లా పాఠకులు నన్ను అడుగుతూనే ఉంటారు. టాంపాలో పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చిన పెద్దవాళ్ళైతే మరీను. వాళ్ళ పిల్లల ఇళ్ళకి కాస్త ఉత్తరంగా, పాస్కో కౌంటీలో, అలాంటి ఊళ్ళు పక్కపక్కనే ఉన్నాయి. అడిగేవాళ్ళలో కొందరు అదంతా విచ్చలవిడితనం అంటారు. ఇంకొందరు గొంతు తగ్గించి, ‘యాభై అయిదేళ్ళకే ఉద్యోగం మానేసి, ఒంటిమీద బట్టతో సహా వదిలేసి వెళ్ళారంటే అదీ ఒకరకం వానప్రస్థమే కదండీ’ అంటారు.

రెండూ తప్పే. అయితే నాకు ఎక్కువ చికాకు తెప్పించేది రెండోది. మెచ్చుకుంటున్నట్టే ఉంటుంది గానీ అసలు సంగతిని పూర్తిగా కప్పేస్తుంది. దిగంబర జైనముని దగ్గర నెమలిపింఛం, కమండలం తప్ప ఏమీ ఉండవు. రోజుకి ఒక్కపూట, అదీ నిలబడి, దోసిట్లో తింటాడు. అది త్యాగం. ఫ్లోరిడా కాలనీకి వెళ్ళినవాళ్ళు ఏం వదిలారు? ఇల్లు కొన్నారు, గోల్ఫ్ కార్టు కొన్నారు, ఇన్సూరెన్సు కడుతున్నారు, నెలనెలా నేలకి అద్దె ఇస్తున్నారు. ఆ ఊళ్ళో బట్టలు విప్పడం చాలా చిన్న విషయం, మూడోరోజుకి ఎవరికీ గుర్తుండదు. ముసలితనం సుఖంగా గడుస్తుందా లేదా అన్నది కాళ్ళకింద ఉన్న నేల ఎవరిదన్న దాన్నిబట్టి తేలుతుంది. ఈ వ్యాసం ముఖ్యంగా దాని గురించే.

ముందు చరిత్ర కొంచెం. ఇది పాశ్చాత్యుల పిచ్చి అని కొట్టిపారేసేవాళ్ళకి ఒక మాట. రికార్డులకెక్కిన తొలి నగ్నవాదుల సంఘం మన దేశంలోనే, ముంబై పక్కనున్న ఠాణేలో, 1891లో పుట్టింది. పెట్టినవాడు చార్లెస్ ఎడ్వర్డ్ గోర్డన్ క్రాఫోర్డ్ అనే బ్రిటిష్ జిల్లా జడ్జి. సభ్యులు ముగ్గురే. ఆ వేడిలో కోటూ కాలరూ బిగించుకుని కూర్చోవడం ఆయనకి అర్థంలేని పనిగా తోచింది. నాకూ అలాగే తోస్తుంది. మే నెలలో మన కోర్టుల్లో నల్లకోట్లు చూసినప్పుడల్లా క్రాఫోర్డ్ గుర్తొస్తాడు. సంఘం ఎంతోకాలం నిలవలేదు. ఉద్యమంగా ఊపందుకున్నది ఆ తర్వాత జర్మనీలో. అక్కణ్ణుంచి వలసవెళ్ళిన కర్ట్ బార్తెల్ 1929లో న్యూయార్క్ దగ్గర కొద్దిమందిని పోగుచేశాడు. అమెరికాలో దాన్ని ముందుకి నడిపించినవాడు ఇల్స్‌లీ బూన్ అనే చర్చి పాస్టరు. ఆయన నడిపిన ‘సన్‌షైన్ అండ్ హెల్త్’ పత్రికని తపాలాశాఖ అశ్లీలమంటూ ఆపితే, సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1958లో గెలిచారు. దైవభక్తి లేనివాళ్ళ వ్యవహారం అనుకునేవారు ఈ పాస్టరుగారి సంగతి కాస్త చదవాలి.

పాస్కో కౌంటీలో లాండ్ ఓ లేక్స్ అనే చోట లేక్ కోమో కాలనీ 1941లో మొదలైంది. ఆ పక్కనే తర్వాత పారడైజ్ లేక్స్ వచ్చింది, కలియెంటే వచ్చింది. ఓర్లాండో వైపు కిస్సిమీలో సైప్రెస్ కోవ్ 1964 నుంచీ ఉంది. ఫ్లోరిడాయే ఎందుకంటే చలి తక్కువ, రాష్ట్రానికి కట్టాల్సిన ఆదాయపు పన్ను లేదు, చట్టం అడ్డు లేదు. అక్కడి చట్టంలో 800.03 అని ఒక సెక్షన్ ఉంది. బహిరంగంగా నగ్నంగా తిరగడం నేరమని చెబుతూనే, అందుకోసం ప్రత్యేకించిన చోటుకి మినహాయింపు ఇస్తుంది. బిడ్డకి తల్లి పాలివ్వడం ఏ పరిస్థితిలోనూ ఈ సెక్షన్ కిందికి రాదని అందులోనే రాసుకున్నారు. చట్టాలు రాసేవాళ్ళకి ఇంత స్పష్టత ఉంటే నాకు ముచ్చటేస్తుంది.

లోపలి కట్టుబాట్లు మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల కన్నా కచ్చితం. గేటు దగ్గర గుర్తింపు కార్డు చూస్తారు. చాలాచోట్ల లైంగిక నేరస్థుల జాబితాతో పేరు సరిచూస్తారు. అడక్కుండా ఫొటో తీస్తే బయటికి పంపేస్తారు. అన్నిటికన్నా ముఖ్యమైనది తువ్వాలు. ఎవరైనా ఎక్కడ కూర్చున్నా ముందు తువ్వాలు పరుచుకోవాలి, అది కుర్చీ కానివ్వండి, బెంచీ కానివ్వండి, పక్కింటివాళ్ళ సోఫా కానివ్వండి. అందుకే ఆ ఊళ్ళో మనుషుల్ని చూస్తే ఒంటిమీద బట్ట లేకపోయినా భుజంమీద తువ్వాలు మాత్రం ఉంటుంది. చలేస్తే స్వెట్టరు వేసుకుంటారు. నూనెలో ఏదైనా వేయించేటప్పుడు ఆప్రాన్ కట్టుకుంటారు. మిగతా రోజంతా పికిల్‌బాల్, ఈత, ఎవరింట్లో వండింది వాళ్ళు తెచ్చుకుని కలిసి తినే విందులు, కాలువ పూడిక మీద తగాదాలు.

ఇక్కడ ఆరోగ్యం పేరుతో చెలామణీ అయ్యే ఒక నమ్మకాన్ని పక్కకి తోసేయాలి. ఒళ్ళంతా ఎండ తగిలితే రోగాలు పోతాయని ఈ ఉద్యమం మొదటితరం గట్టిగా నమ్మింది. నమ్మడానికి అప్పట్లో ఆధారమూ ఉంది. చర్మానికొచ్చే క్షయని కాంతితో నయం చేసినందుకు నీల్స్ ఫిన్సెన్‌కి 1903లో నోబెల్ వచ్చింది. అదే ఏడాది స్విట్జర్లాండ్‌లోని లేజాఁలో అగుస్త్ రోలియే అనే డాక్టరు క్షయరోగుల్ని కొండమీద ఎండలో పడుకోబెట్టే ఆసుపత్రి తెరిచాడు. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టాక ఆ అవసరం తీరిపోయింది. వైద్యం ముందుకెళ్ళిపోయింది, నమ్మకం మాత్రం అక్కడే ఆగిపోయింది. ఇవాళ మన వాట్సాప్‌లో ‘ఉదయం ఎండలో అరగంట కూర్చుంటే సుగర్ పోతుంది’ అని తిరిగే సందేశం దాని మనవడే. విటమిన్ డి కోసం ఒళ్ళంతా ఎండబెట్టుకోనక్కర్లేదు. ఫ్లోరిడా వేసవి మధ్యాహ్నాల్లో అతినీలలోహిత కిరణాల సూచీ పది దాటుతుంది. తెల్లటి చర్మంతో ఇరవై ఏళ్ళపాటు ఆ ఎండలో ఉండేవాళ్ళకి చర్మ కేన్సర్ ముప్పు నిజమైనది. ఒళ్ళంతా సన్‌స్క్రీన్ రాసుకోవాలి, ఏటా చర్మవైద్యుడికి చూపించుకోవాలి. మన చామనచాయకి ముప్పు తక్కువే గానీ బొత్తిగా లేకపోలేదు.

ఇప్పుడు నేల సంగతి. ఒహాయోలో ఉద్యోగం చేసే ఒక జంట ఉందనుకుందాం. ఇద్దరికీ యాభై అయిదు. ఊళ్ళో ఇల్లు అమ్మేసి ఇలాంటి కాలనీకి వచ్చారు. టాంపాలో మామూలు ఇంటి ధరతో పోలిస్తే ఇక్కడి ఇల్లు ఎంతో చవగ్గా కనబడింది. ఎందుకు చవక అంటే, చాలా కాలనీల్లో మీరు కొనేది ఇల్లు మాత్రమే, స్థలం కాదు. ఇల్లు కూడా ఫ్యాక్టరీలో తయారై చక్రాలమీద వచ్చినది. దాన్ని మొబైల్ హోమ్ అంటారు. స్థలం కాలనీ యజమానిది. దానికి నెలనెలా ఇచ్చేదే లాట్ రెంటు.

మన ఊళ్ళలో దేవుడి మాన్యంలో ఇళ్ళు కట్టుకున్నవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, చిటికెలో అర్థమవుతుంది. గోడలు మీవి, పైకప్పు మీది, పెరట్లో కొబ్బరిచెట్టు మీరు పెంచినది. కింద మట్టి మాత్రం స్వామివారిది. గుడి ఈవో మారినప్పుడల్లా అద్దె పెంచుతారేమోనని గుబులు. అమ్ముదామంటే రిజిస్ట్రేషన్లు నిషేధించిన 22-ఎ జాబితాలో ఉందని రిజిస్ట్రార్ వెనక్కి పంపుతాడు. బ్యాంకు అప్పివ్వదు. ఫ్లోరిడాలోనూ దాదాపు ఇంతే. అద్దె స్థలంలో ఉన్న మొబైల్ హోమ్‌కి ఆ రాష్ట్రంలో యాజమాన్య పత్రం ఇచ్చేది వాహనాల శాఖ! కారుకి లాగే ఇంటికీ ఏటేటా స్టిక్కర్ కొని అతికించాలి. బ్యాంకు దాన్ని స్థిరాస్తిగా చూడదు, అప్పిస్తే వడ్డీ ఎక్కువ. మాన్యంలో ఇంటికి గోడలు పాతబడ్డా ఊరు పెరిగేకొద్దీ చోటుకి గిరాకీ పెరిగినట్టే, ఇక్కడా ఇంటి విలువ ఏటేటా తరుగుతుంది, నేల విలువ పెరుగుతుంది. ఆ పెరిగిన విలువ మీది కాదు. ఒక్క తేడా ఉంది. మన చట్టం దృష్టిలో దేవుడు ఎప్పటికీ మైనరు, ఆయన ఆస్తిని ఎవరూ తేలిగ్గా అమ్మలేరు. కాలనీ యజమాని మేజరు. రేపు పెట్టుబడి కంపెనీకి అమ్మేయగలడు.

లెక్క వేసి చూద్దాం. లాట్ రెంటు నెలకి 900 డాలర్లనీ, ఏటా అయిదు శాతం పెరుగుతుందనీ అనుకుందాం. ఇవి నేను లెక్క కోసం పెట్టుకున్న అంకెలే. పదేళ్ళకి అది 1,466 అవుతుంది. ఇరవై ఏళ్ళకి, అంటే వాళ్ళకి డెబ్భై అయిదొచ్చేసరికి, 2,388. ఇదే కాలంలో ధరలు ఏటా మూడు శాతం చొప్పున పెరిగాయనుకుంటే 900 డాలర్ల కొనుగోలు శక్తికి సమానమైన మొత్తం 1,625 డాలర్లే. సోషల్ సెక్యూరిటీ పింఛను ధరలతోపాటు పెరుగుతుంది, అద్దెతోపాటు కాదు. మధ్యలో ఉన్న 763 డాలర్లు ప్రతి నెలా ఎక్కణ్ణుంచో రావాలి. ‘నచ్చకపోతే ఇల్లు తీసుకుపోతాం, మొబైల్ హోమే కదా’ అంటారు. అది పేరుకే మొబైల్. ఊడదీసి, లారీకెక్కించి, ఇంకోచోట దింపి బిగించడానికి వేలల్లో ఖర్చు. పాత ఇంటిని చాలా పార్కులు రానివ్వవు. 1992లో ఆండ్రూ తుఫాను అలాంటి ఇళ్ళని చీల్చేశాక, గాలి తట్టుకునే ప్రమాణాలు 1994లో కఠినం చేశారు. అంతకుముందు కట్టినదంటే ఇన్సూరెన్సు దొరకడమూ కష్టమే. తుఫాను వస్తే మొబైల్ హోముల్లో ఉన్నవాళ్ళందరూ ఖాళీ చెయ్యాల్సిందే. 2024 అక్టోబరులో మిల్టన్ తుఫాను వచ్చినప్పుడూ అంతే.

ముందుగా రిటైరవడంలో మిగతా చిక్కులు ఎక్కడున్నా ఒకటే, గబగబా చెప్పేస్తాను. 401(కె) అనే రిటైర్మెంటు పొదుపు ఖాతాలో దాచింది యాభై తొమ్మిదిన్నర నిండకుండా తీస్తే మామూలుగా పన్నుపైన పదిశాతం జరిమానా. యాభై అయిదొచ్చిన ఏడాదో తర్వాతో ఉద్యోగం వదిలితే, ఆ కంపెనీ ఖాతాకి మాత్రం మినహాయింపు ఉంది. సోషల్ సెక్యూరిటీ అరవై రెండుకే మొదలుపెడితే, 1960లోనూ ఆ తర్వాతా పుట్టినవాళ్ళకి పూర్తి పింఛనులో డెబ్భై శాతమే వస్తుంది, అదీ జీవితాంతం. పెద్దవాళ్ళకి ప్రభుత్వమిచ్చే వైద్యబీమా, మెడికేర్, అరవై అయిదుకి గానీ రాదు. మధ్యలో పదేళ్ళు వైద్యబీమా సొంత డబ్బుతో కొనుక్కోవాలి. మొదటి ఏడాది కూడబెట్టిన దాంట్లో నాలుగు శాతం, తర్వాత ధరలు పెరిగినంత పెంచుకుంటూ వాడుకోవచ్చని 1994లో విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు చెప్పిన లెక్క ముప్పై ఏళ్ళకి వేసినది. యాభై అయిదుకి మానేసినవాళ్ళు నలభై ఏళ్ళకి చూసుకోవాలి.

ఇందులో ఏదీ బట్టలకి సంబంధించినది కాదని గమనించారా? అక్కడికి వెళ్ళి బాధపడే జంట సిగ్గుతో బాధపడదు, అద్దె నోటీసుతో బాధపడుతుంది. ఆ నోటీసు కూడా ఊరికే రాదు. ఫ్లోరిడాలో 723వ అధ్యాయం అనే మొబైల్ హోమ్ చట్టం ప్రకారం లాట్ రెంటు పెంచాలంటే 90 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. 26, అంతకుమించి స్థలాలున్న పార్కులో చేరేవాళ్ళకి ప్రాస్పెక్టస్ అనే పత్రం ఇవ్వాలి, అద్దె ఏయే కారణాలకి పెంచుతారో అందులో ఉండాలి. యజమాని పార్కుని అమ్మకానికి పెడితే నివాసుల సంఘానికి ముందు చెప్పాలి, అదే ధరకి కొనుక్కోవడానికి వాళ్ళకి 45 రోజులు గడువు. ఆ గడువులో డబ్బు కూడగట్టగలిగితే నివాసులే నేలకి యజమానులవుతారు.

లేక్ కోమో ఇప్పుడు నివాసుల సహకార సంఘం చేతుల్లో ఉంది. పారడైజ్ లేక్స్‌లో కాండోలున్నాయి, అంటే మన అపార్ట్‌మెంట్లలో అవిభాజ్య వాటా లాంటిది. ఒకే కౌంటీలో, ఒకే రోడ్డు చుట్టుపక్కల, ఒకేలా తువ్వాలు భుజాన వేసుకుని తిరిగే మనుషుల్లో ఒకరు నేలకి వాటాదారు, ఇంకొకరు అద్దెదారు. వాటాదారుకి రోడ్డు వెయ్యాలన్నా బావి మోటారు మార్చాలన్నా ఓటుంది, చందా భారం కూడా ఉంది. అద్దెదారుకి ఏ బాధ్యతా లేదు, ఏ హక్కూ పెద్దగా లేదు.

కాబట్టి నిజంగా వెళ్ళాలనుకుని అడిగినవాళ్ళకి నేను చెప్పేది ఇది. డబ్బు కట్టకముందు ప్రాస్పెక్టస్ మొత్తం చదవండి. గత పదేళ్ళలో లాట్ రెంటు ఎంత పెరిగిందో ఆఫీసుని కాదు, పక్కింటివాళ్ళని అడగండి. ఇల్లు ఏ సంవత్సరంలో తయారైందో దానికి బిగించిన పలక మీద చూసుకోండి. కొనేముందు ఒక నెల అద్దెకుండండి. అదీ ఫిబ్రవరిలో వద్దు. అప్పుడు ఉత్తరాది నుంచి చలికాలం చుట్టాలందరూ దిగి ఊరు తిరునాళ్ళలా ఉంటుంది. ఆగస్టులో వెళ్ళండి. వాళ్ళందరూ వెళ్ళిపోయి ఉంటారు, మధ్యాహ్నం కాగానే ఉరుములతో వాన పడుతుంది, దోమలు కుడతాయి, ఎవరింటి పైకప్పు కారుతోందో, ఎవరి స్థలంలో నీళ్ళు నిలుస్తున్నాయో అంతా కళ్ళకి కనబడుతుంది.