మీకు తెలుసా? నెల పెట్రోలు ఖర్చుకు మూడొందల రెట్లు

మోటారు బిగించిన సైకిలు ఈ కాలపు ఆవిష్కరణ కాదు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, కాంటన్ ఊరికి చెందిన ఆగ్డెన్ బోల్టన్ జూనియర్ 1895 డిసెంబరు 31న దానికి పేటెంటు పొందాడు. ఆ పేటెంటు బొమ్మలో మోటారు వెనక చక్రం నడుమ ఇమిడి ఉంటుంది, బ్యాటరీ ఫ్రేము పైకమ్మీ కింద వేలాడుతుంది. ఇవాళ కిట్టు కొని పాత సైకిలుకు బిగించుకునేవాళ్లు చేస్తున్నదీ దాదాపు అదే. తేడా అంతా కరెంటులో ఉంది. బోల్టన్ బ్యాటరీ 10 వోల్టులది. మోటారు 100 ఆంపియర్ల దాకా లాగేది. ఇప్పుడు వోల్టేజిని 36కో 48కో పెంచి, ఆంపియర్లను పదికీ ఇరవైకీ దించారు. ఆంపియర్లు తగ్గితే సన్నటి వైరు సరిపోతుంది, వేడీ తగ్గుతుంది.

మామూలు మనిషి గంటసేపు ఆపకుండా తొక్కితే వచ్చే శక్తి 75 నుంచి 100 వాట్లు. వంటింటి మిక్సీ 500 వాట్లది. అంటే పచ్చడి రుబ్బాలంటే అయిదారుగురు కలిసి తొక్కాలి. సైకిలుకు 250 వాట్ల మోటారు పెడితే మీ వెనక ఇద్దరు ముగ్గురు కూర్చుని తొక్కుతున్నంత సాయం.

బ్యాటరీలో వాడే ఒక సెల్లు పేరు 18650. ఆ అంకెల్లోనే దాని కొలతలున్నాయి: వ్యాసం 18 మిల్లీమీటర్లు, పొడవు 65, చివరి సున్నా అది గుండ్రటి గొట్టం ఆకారమని చెప్పడానికి. ఒక్కో సెల్లు 3.6 లేదా 3.7 వోల్టులు ఇస్తుంది. 13 సెల్లులను వరసగా కలిపితే 48 వోల్టులు. అలాంటి వరసలు నాలుగు పక్కపక్కన పెడితే మొత్తం 52, పేకముక్కల కట్టలో ఎన్ని ఉంటాయో అన్ని. ఒక్కో సెల్లు రెండున్నర ఆంపియర్ అవర్లదైతే ప్యాకు మొత్తం 480 వాట్ అవర్లు. తొక్కుతూ పోతే 30 నుంచి 40 కిలోమీటర్లు వస్తుంది.

ఈ 52 సెల్లులను పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలు విప్పి పోగుచేసి, ఇంట్లోనే కట్టుకోవచ్చని చాలామంది ఉత్సాహపడతారు. వద్దని గట్టిగా చెబుతాను. వరసలో ఉన్న సెల్లుల్లో ఒకటి బలహీనమైనదైతే ఛార్జింగులో అన్నిటికన్నా ముందే 4.2 వోల్టుల గరిష్ఠ హద్దును తాకుతుంది, వాడకంలో అన్నిటికన్నా ముందే ఖాళీ అవుతుంది. మిగతావి దాన్ని హద్దు దాటిస్తూనే ఉంటాయి. అడ్డుపడేది బీఎంఎస్ అనే చిన్న సర్క్యూటు బోర్డు ఒక్కటే. అది నాసిరకానిదైతే ఇక కాపలా లేనట్టే. పైగా సెల్లులను కలపాల్సింది నికెల్ పట్టీలతో, స్పాట్ వెల్డింగు చేసి. 300 డిగ్రీలు దాటే సాల్డరింగ్ కడ్డీని సెల్లు మీద ఆనిస్తే లోపలి పొరలు దెబ్బతింటాయి. ఆ దెబ్బ ఆరోజు కనబడదు. నెలల తరవాత, అందరూ నిద్రపోతున్న రాత్రి ఛార్జింగులో బయటపడవచ్చు.

న్యూయార్క్ నగరంలో 2023 ఒక్క ఏడాదిలో లిథియం బ్యాటరీల మంటలకు 18 మంది చనిపోయారు. మనకూ ఈ బాధ తెలుసు. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో కింద విద్యుత్ స్కూటర్ల షోరూం, పైన హోటలు ఉన్న భవనంలో మంటలు లేచి 8 మంది ప్రాణాలు పోయాయి. మోటారు మీరే బిగించుకోండి, వైర్లు మీరే కలుపుకోండి. బ్యాటరీ మాత్రం ధ్రువపత్రం ఉన్నది, తయారుగా దొరికేది కొనండి. అందులోనూ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం మేలు. బరువు కాస్త ఎక్కువైనా అంత తొందరగా వేడెక్కి అంటుకోదు, రెండు వేల ఛార్జింగుల దాకా పనిచేస్తుంది. ఎండలో తిరిగొచ్చిన వెంటనే ఛార్జరు తగిలించకండి. చల్లారనివ్వండి. మెట్ల కింద, గుమ్మానికి అడ్డంగా పెట్టి ఛార్జి చేయకండి.

కిట్టులో అందరూ నిర్లక్ష్యం చేసే ముక్క టార్క్ ఆర్మ్, అంటే ఇరుసు తిరిగిపోకుండా ఫ్రేముకు పట్టి ఉంచే ఇనుప ముక్క. చక్రం ముందుకు తిరగాలంటే ఇరుసు వెనక్కి తిరగాలని చూస్తుంది. దాన్ని ఆపేది ఫ్రేములోని చిన్న గాడి, రెండు నట్లు మాత్రమే. నేను మొదటిసారి బిగించినప్పుడు ఆ ఇనుప ముక్కను పక్కన పెట్టేశాను. వారం తిరక్కుండానే ఇరుసు గాడిలో గిర్రున తిరిగి, మోటారులోకి వెళ్లే మూడు లావు వైర్లనూ మెలిపెట్టి తెంపేసింది. అల్యూమినియం ఫ్రేమైతే గాడే విరిగిపోవచ్చు. పాలవాళ్లు, పేపరు వేసేవాళ్లు తొక్కే పాత ఉక్కు సైకిలే ఈ పనికి అన్నిటికన్నా నమ్మకమైంది.

వేగం రెండింతలైతే గాలిని చీల్చుకుపోవడానికి కావలసిన శక్తి రెండింతలు కాదు, ఎనిమిదింతలు. నిటారుగా కూర్చుని గంటకు 25 కిలోమీటర్ల వేగంతో పోతే గాలికి సుమారు 120 వాట్లు ఖర్చవుతాయి. 50కి వెళ్తే వెయ్యికి దగ్గరవుతుంది. మన చట్టం గీసిన గీత కూడా ఆ 25 దగ్గరే ఉంది. 30 నిమిషాల సామర్థ్యం 250 వాట్లకు లోపు, 25 కిలోమీటర్లకు చేరగానే లేదా తొక్కడం ఆపగానే ఆగిపోయే మోటారు ఉన్న సైకిలును మోటారు వాహనంగా లెక్కించరు. రిజిస్ట్రేషను, లైసెన్సు అక్కర్లేదు. ఈ మినహాయింపుకు పరీక్షా సంస్థ ధ్రువీకరణ కూడా కావాలని నిబంధనలో ఉంది కాబట్టి కిట్టు కొనేముందే ఆ కాగితం అడగండి. వెయ్యి వాట్ల మోటారు తగిలించి నంబరు ప్లేటు లేకుండా తిరిగితే ప్రమాదం జరిగిన రోజు బీమా ఉండదు.

ఒక లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల కరెంటుకు సమానమైన శక్తి ఉంది. స్కూటరు దాంతో 45 కిలోమీటర్లు పోతుంది. అదే దూరానికి ఈ సైకిలుకు ముప్పాతిక యూనిటు కూడా పట్టదు.

అలా మిగిలే పెట్రోలు డబ్బు అసలు విలువ తెలియాలంటే ముందు ఇంకో లెక్క చూడాలి. ఉద్యోగం నుంచి ముందే బయటపడాలనుకునేవాళ్లు ‘ఫైర్’ అనే మాట వాడతారు. ఆర్థిక స్వేచ్ఛ, ముందస్తు విరమణ అనే ఇంగ్లిష్ మాటల తొలి అక్షరాలవి. దీనికి బీజం వేసినవాళ్లలో వాల్‌స్ట్రీట్ విశ్లేషకుడు జో డొమింగెజ్ ఒకరు. ముప్ఫై దాటీ దాటగానే ఉద్యోగం మానేసి, విక్కీ రాబిన్‌తో కలిసి 1992లో ‘యువర్ మనీ ఆర్ యువర్ లైఫ్’ పుస్తకం రాశారు. ప్రతి వస్తువు ధరనూ రూపాయల్లో కాక, దానికోసం మన బతుకులో ఎన్ని గంటలు ఇస్తున్నామో లెక్కేయమన్నారు.

ఎంత డబ్బుంటే చాలు? ఈ లెక్క కట్టిన విలియం బెంగెన్ మొదట చదివింది విమాన శాస్త్రం, ఆ తరవాత చేసింది కూల్‌డ్రింకులు సీసాల్లో నింపే కుటుంబ వ్యాపారం. ఆర్థిక సలహాదారయ్యాక 1926 నుంచి అమెరికా షేర్లు, బాండ్ల లెక్కలు తిరగేసి 1994లో ఒక వ్యాసం రాశాడు. మొదటి ఏడాది నిధిలో 4 శాతం తీసుకుని, తరవాత ధరలతోపాటు ఆ మొత్తాన్ని పెంచుకుంటూ పోతే ఎంత చెడ్డ ఏడాదిలో విరమించినవాడికైనా డబ్బు 33 ఏళ్లు నిలిచిందని తేల్చాడు. 4 శాతమంటే ఏడాది ఖర్చుకు 25 రెట్లు. నెల ఖర్చుకైతే 300 రెట్లు.

ఆ 300 దగ్గరే నాకు ఈ సైకిలు విలువ తెలిసింది. రోజుకు 20 కిలోమీటర్ల చొప్పున నెలకు 25 రోజులు స్కూటరు మీద తిరిగితే, లీటరు 107 రూపాయల లెక్కన పెట్రోలుకు దాదాపు 1,200. సైకిలుకు కరెంటు 50 రూపాయలు, ముందుముందు బ్యాటరీకీ టైర్లకూ పక్కన పెట్టేది 250 అనుకుందాం. మిగిలేది 900. దాన్ని నెలనెలా మ్యూచువల్ ఫండు సిప్‌లో వేస్తే, ఏటా 10 శాతం పెరిగిందనుకుంటే, 20 ఏళ్లకు 6 లక్షల 83 వేలు. వినడానికి బాగుంది. కానీ ధరలు ఏటా 6 శాతం పెరిగితే ఆ మొత్తం కొనుగోలు శక్తి ఈనాటి 2 లక్షల 13 వేలు మాత్రమే. రెండో పక్క చూడండి. నెలకు 900 ఖర్చు శాశ్వతంగా పోయిందంటే కూడబెట్టాల్సిన నిధి ఈనాటి రూపాయల్లోనే 2 లక్షల 70 వేలు తగ్గింది. పెట్టుబడి గురించి అందరం మాట్లాడతాం. అసలు ఆ ఖర్చే లేకుండా పోవడంలో అంతకన్నా ఎక్కువ ఉంది.

జీతం ఎంతన్నది కాదు, అందులో ఎంత మిగులుస్తామన్నదే ఎన్నేళ్లకు విరమించగలమో నిర్ణయిస్తుంది. ధరల పెరుగుదల పోను 5 శాతం రాబడి వస్తే, 10 శాతం మిగిల్చేవాడికి ఏడాది ఖర్చుకు 25 రెట్లు చేరడానికి 51 ఏళ్లు. పావు వంతు మిగిలిస్తే 32. సగం మిగిలిస్తే పదహారున్నర.

మరి మిగిల్చింది ఎక్కడ పెట్టాలి? సామాన్యుల కోసం మార్కెట్టు సూచీనే అనుసరించే తొలి ఇండెక్స్ ఫండును జాన్ బోగెల్ 1976లో తెచ్చినప్పుడు 15 కోట్ల డాలర్లు వస్తాయనుకుంటే కోటీ పదమూడు లక్షలే వచ్చాయి. నవ్వినవాళ్లే ఎక్కువ. ఇవాళ తక్కువ ఖర్చుతో మదుపు చేయాలంటే ముందుగా చెప్పే దారి అదే.

బెంగెన్ లెక్క అమెరికాది, ముప్ఫై ఏళ్ల విరమణకు వేసింది. నలభైలో మానేస్తే యాభై ఏళ్లు గడవాలి, మన దగ్గర ధరల పెరుగుదలా ఎక్కువే. 3 శాతమే తీసుకుంటామనుకుని నెల ఖర్చుకు 400 రెట్లు పెట్టుకోవడం క్షేమం. విరమించిన తొలి ఏళ్లలోనే మార్కెట్టు కూలితే దెబ్బ గట్టిది. 2008 జనవరిలో 21 వేలు దాటిన సెన్సెక్స్ అక్టోబరులో 8 వేల దిగువకు జారింది. రెండు మూడేళ్ల ఖర్చు బ్యాంకులో విడిగా ఉంచుకున్నవాడికి ఆ ధరలకు షేర్లు అమ్ముకునే అవసరం రాలేదు.

ఇంకో మాట. ఉద్యోగం వదిలిన రోజుతో ఆఫీసు ఇచ్చే ఆరోగ్య బీమా కూడా పోతుంది. సొంత పాలసీలో అప్పటికే ఉన్న జబ్బులకు 3 ఏళ్ల దాకా వేచి ఉండే కాలం ఉండవచ్చు. అందుకని ఉద్యోగం మానే ఆలోచన ఉన్నవాళ్లు సొంత పాలసీని కనీసం మూడేళ్ల ముందే, జీతం వస్తుండగానే తీసుకోండి.