శనివారం గానుగ కట్టని ఊళ్లు

ముంబయికి దక్షిణాన, కొంకణ్ తీరపు ఊళ్లలో ఒకప్పుడు రెండు రకాల తెలికలవాళ్లు ఉండేవారు. శివుడి మీద భక్తితో సోమవారం గానుగ కట్టనివాళ్లని 'సోమవార్ తేలీ'లనేవారు. శనివారం కట్టనివాళ్లు 'శనివార్ తేలీ'లు. ఈ రెండోవాళ్లు మాట్లాడేది మరాఠీయే, కట్టూబొట్టూ ఇరుగుపొరుగు తీరే. కాకపోతే మగపిల్లాడికి ఎనిమిదో రోజున సున్తీ చేసేవారు. పొలుసులూ రెక్కలూ లేని చేపను ముట్టేవారు కారు. శుభకార్యమైనా అశుభమైనా, దేవుడొక్కడేనని చాటే ఒక హీబ్రూ వాక్యం పలికేవారు. ఎప్పుడో తమ పెద్దలు ఎక్కిన ఓడ నవ్‌గావ్ దగ్గర మునిగితే ఏడు జంటలు ఒడ్డుకు చేరాయనీ, తామంతా వాళ్ల సంతతేననీ చెప్పుకునేవారు. వాళ్లే బెనె ఇజ్రాయేల్ యూదులు.

గుడి లేదు, చేతిలో గ్రంథం లేదు, చదివి చెప్పే గురువు లేడు. అలా ఎన్ని తరాలు గడిచాయో! అయినా శుక్రవారం పొద్దుగూకితే గానుగ ఆగేది. కొచ్చి నుంచి వచ్చిన దావీదు రహబీ అనే యూదుడు ఈ ఆనవాళ్లను బట్టే వీళ్లు తనవాళ్లని పోల్చుకున్నాడనీ, ముగ్గురు కుర్రాళ్లకు ప్రార్థనలు నేర్పాడనీ వాళ్ల సంప్రదాయం చెబుతుంది. ఆయన ఏ కాలంవాడన్నది చరిత్రకారుల మధ్య ఇంకా తెగని వాదమే. ఆ తర్వాతి కథ మాత్రం రాతపూర్వకంగా ఉంది. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనిచేసిన శామ్యూల్ ఎజెకియల్ దివేకర్ 1796లో బొంబాయిలో వాళ్ల మొదటి సినగాగ్, అంటే ప్రార్థనా మందిరం, కట్టించాడు. ఒక జాతి తన దేవుణ్ని మళ్లీ చేరుకోవడానికి పండితులకన్నా ముందు దారి చూపింది వారానికొక ఆగిన గానుగ అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంతకీ ఆ రోజులో ఏముంది? శుక్రవారం సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందే ఇల్లాలు దీపాలు వెలిగించి, కళ్లు మూసుకుని ప్రార్థిస్తుంది. అప్పటికే వంట ముగిసి ఉంటుంది, ఎందుకంటే ఇక రేపు చీకటిపడేదాకా నిప్పు రాజేయకూడదు, ఆర్పకూడదు. సినగాగ్‌లో కీర్తనలు సాగుతుండగా ఒకచోట అందరూ లేచి గుమ్మం వైపు తిరుగుతారు. సబ్బాతు అనే ఆ విశ్రాంతి దినం పెళ్లికూతురై వస్తోందని, ఆమెకు ఎదురు పాడతారు. ఆ పాట 16వ శతాబ్దంలో సఫేద్ పట్టణంలో ష్లోమో అల్కబెజ్ కట్టింది. ఇంటికొచ్చాక రెండు రొట్టెల ముందు ద్రాక్షారసం పట్టుకుని దీవెన చెబుతారు. మన బెనె ఇజ్రాయేల్ ఇళ్లలో ఎండుద్రాక్ష నానబెట్టి పిండిన రసంతోనే ఆ ముచ్చట తీరుతుంది.

ఆ రోజు చేయకూడని పనులని యూదుల ధర్మశాస్త్రం 39గా లెక్కగట్టింది. దున్నడం, విత్తడం, తూర్పారబట్టడం, పిండి జల్లించడం, ముడి వేయడం, ముడి విప్పడం, రెండక్షరాలు రాయడం కూడా. పైపైన చూస్తే ఆంక్షల జాబితా. నిదానంగా చదివితే అవన్నీ మనిషి లోకాన్ని తనకు కావలసినట్టు మార్చుకునే పనులు. వారంలో ఒక్క రోజు లోకాన్ని ఉన్నది ఉన్నట్టు వదిలిపెట్టమని అడుగుతోంది ఆ ధర్మం. ప్రాణం మీదికొస్తే మాత్రం ఈ నియమాలన్నీ పక్కకు తప్పుకోవాలి, తప్పుకునేలా చేయడమే కర్తవ్యం. ఆ రోజుకని ప్రతి మనిషిలోకీ ఇంకో ఆత్మ వచ్చి చేరుతుందని యూదుల నమ్మకం. శనివారం చీకటిపడ్డాక అది వెళ్లిపోతుంది. ఆ బెంగ తీరడానికి సుగంధద్రవ్యాలు వాసన చూసి, అప్పుడు మళ్లీ పనుల్లో పడతారు.

నాజీల నుంచి తప్పించుకుని అమెరికా చేరిన, తల్లినీ అక్కచెల్లెళ్లనీ ఆ కాలంలోనే పోగొట్టుకున్న అబ్రహం జాషువా హెషెల్ 1951లో సబ్బాతు మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. రాతితో కట్టిన ఆలయాలు కూలిపోవచ్చు, కాలంలో కట్టుకున్న ఆలయాన్ని ఎవరూ కూల్చలేరన్నది దాని సారం. ఇదే హెషెల్ 1965లో సెల్మాలో నల్లవారి ఓటు హక్కు కోసం మార్టిన్ లూథర్ కింగ్‌తో కలిసి నడిచాడు. ఆ రెండూ వేరువేరు సంగతులు కావు. విశ్రాంతి దినపు ఆజ్ఞ బైబిల్లో రెండుచోట్ల ఉంది. నిర్గమకాండంలో సృష్టి ముగించి దేవుడు విశ్రమించాడు గనుక అన్నది కారణం. ద్వితీయోపదేశకాండంలో కారణం మారింది: మీరు ఐగుప్తులో బానిసలుగా ఉన్నవాళ్లే, అది గుర్తుంచుకుని మీ దాసుణ్నీ దాసినీ, ఎద్దునూ గాడిదనూ కూడా ఆ రోజు విడిచిపెట్టండి అంటుంది. ఎదుటివాడి వెన్ను వంచి తాను ప్రార్థనలో కూచుంటే అది సబ్బాతు కాదు.

ఈ మాట మనకు కొత్తేమీ కాదు. సోమవారం ఎద్దుల మెడ మీద కాడి పెట్టని పల్లెలు మనకూ ఉన్నాయి. బొంబాయి మిల్లు కార్మికులకు ఆదివారం సెలవు కావాలని నారాయణ్ మేఘాజీ లోఖండే పోరాడినప్పుడు, అది ఖండోబా దేవుడి వారమన్నది కూడా ఆయన వాదనల్లో ఒకటి. 1890 జూన్ 10న ఆ సెలవు దక్కింది.

శనివారం పాటించేవాళ్లు తెలుగునాట కూడా ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తమను బెనె ఎఫ్రాయిం అని చెప్పుకునే తెలుగు కుటుంబాలు ఉన్నాయి. మాదిగ కులంలో పుట్టి, ఒకప్పుడు బాప్టిస్టు చర్చికి వెళ్లినవాళ్లు. 1990ల మొదట్లో సొంతంగా సినగాగ్ పెట్టుకున్నారు. తాము ఇజ్రాయేలీయుల తప్పిపోయిన గోత్రంవాళ్లమన్న వాళ్ల మాటకు ఇజ్రాయెల్ గుర్తింపు దక్కలేదు. వంశం సంగతి ఎలా తేలినా, వ్యవసాయ కూలీలున్న ఆ ఇళ్లలో శనివారం పాటించడమంటే ఆ రోజు కూలి వదులుకోవడమే. తరతరాలుగా ఇతరుల పిలుపు మీదే పొలానికి వెళ్లినవాళ్లు, ఒక రోజు మాది, మా దేవుడిది అని నిలబడటం చిన్న విషయం కాదు. మనిషికి కొత్త ప్రాణం పోయడమంటే నా దృష్టిలో ఇదే.

ఈ కథనం మీరు చదివేది ఆదివారం పూట. మీ ఇంట్లో అంట్లు తోమే ఆమె ఈ రోజు కూడా వచ్చే ఉంటుంది. వారానికొక రోజు, జీతం కోయకుండా, ఆమెకు సెలవివ్వండి. ఏ రోజు కావాలో ఆమెనే అడగండి.